క్వాంటం చదువుకు ప్రభుత్వ సొమ్ము: సీమ విద్యార్థి ఎక్కడ, ఎలా అడగాలి

అమరావతిలో క్వాంటం వ్యాలీ ఏర్పాటవుతుందనీ, ఐబీఎం సంస్థ 156 క్యూబిట్ల (క్యూబిట్ అంటే క్వాంటం సమాచారపు మూల ప్రమాణం) క్వాంటం కంప్యూటర్‌ను అక్కడ నెలకొల్పుతుందనీ 2025 మే నెలలో ప్రకటన వెలువడినప్పటి నుంచి, కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లలున్న తల్లిదండ్రులు లెక్చరర్లను ఒకే మాట అడుగుతున్నారు: "క్వాంటం స్కాలర్‌షిప్‌కు ఎక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి సార్?" ఆ పేరుతో ఒక్క ఫారం నింపితే ఇంటర్ నుంచి పీహెచ్‌డీ దాకా ఖర్చంతా వెళ్లిపోయే పథకం ఏదీ లేదు. డబ్బు మాత్రం ఉంది. అది వేర్వేరు పేర్లతో, వేర్వేరు శాఖల నుంచి, వేర్వేరు ఖాతాలకు వస్తుంది. ఏ సొమ్ము ఎవరి ఖాతాలో పడుతుందో ముందుగా తెలుసుకుంటే సగం పని అయినట్టే.

డబ్బు ఎవరి ఖాతాకు వెళ్తుంది

కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్ 19న జాతీయ క్వాంటం మిషన్‌ను 6,003.65 కోట్ల రూపాయల కేటాయింపుతో ఆమోదించింది. 2023-24 నుంచి 2030-31 వరకు సాగే ఈ మిషన్‌ను శాస్త్ర సాంకేతిక శాఖ నడుపుతుంది. దీని కింద నాలుగు విషయ కేంద్రాలు ఏర్పడ్డాయి. క్వాంటం కంప్యూటింగ్‌కు బెంగళూరులోని ఐఐఎస్సీ (భారత విజ్ఞాన సంస్థ), క్వాంటం కమ్యూనికేషన్‌కు ప్రభుత్వ టెలికం పరిశోధన సంస్థ సీ-డాట్‌తో కలిసి ఐఐటీ మద్రాసు, సెన్సింగ్, కొలతల శాస్త్రానికి ఐఐటీ బొంబాయి, పదార్థాలు, పరికరాలకు ఐఐటీ ఢిల్లీ నాయకత్వం వహిస్తున్నాయి. మిషన్ సొమ్ము ఈ సంస్థలకు, వాటితో కలిసి పనిచేసే పరిశోధక బృందాలకు వెళ్తుంది. విద్యార్థికి అది ప్రాజెక్టులో ఫెలోషిప్‌గానో, వేసవి ఇంటర్న్‌షిప్‌గానో, కళాశాల ప్రయోగశాలలో ఒక పరికరంగానో అందుతుంది. కేసీ కాలువలో నీళ్లు వదిలారన్న వార్త విన్నంత మాత్రాన చివరి ఆయకట్టు మడి తడవదు గదా. తూము ఎక్కడుందో, దాన్ని ఎవరు తెరుస్తారో రైతుకు తెలిసి ఉండాలి.

ఈ విషయంలో సీమకు ఒక సౌకర్యం ఉంది, దాన్ని మనవాళ్లు తగినంతగా వాడుకోవడం లేదని నా అభిప్రాయం. అనంతపురం నుంచి బెంగళూరు సుమారు 200 కిలోమీటర్లు. అక్కడ ఐఐఎస్సీతో పాటు, సి.వి. రామన్ స్థాపించిన రామన్ పరిశోధన సంస్థలో క్వాంటం సమాచార ప్రయోగశాల ఉంది. కడప వారికి మద్రాసు రైలుదారి ఇంటి ముందే ఉంది. కర్నూలు వారికి హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం, టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) శాఖ అందుబాటులో ఉన్నాయి. జిల్లాల్లోనే చూస్తే కర్నూలులో ట్రిపుల్‌ఐటీడీఎం, అనంతపురంలో కేంద్రీయ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, ఇడుపులపాయలో ఆర్జీయూకేటీ ఉన్నాయి. ఇవన్నీ క్వాంటం కేంద్రాలు కావు గానీ, పైచదువుకు కావలసిన గణితం, భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్ పునాది ఇక్కడే పడుతుంది.

ఇంటర్ పాసైన వెంటనే

క్వాంటం అనగానే బీటెక్ కంప్యూటర్ సైన్సే దారి అనుకోవడం మన జిల్లాల్లో స్థిరపడిపోయింది. భౌతికశాస్త్రం మేజర్‌గా బీఎస్సీ చదవడం ఈ రంగానికి అంతే సూటి దారి. పైగా దానికి ప్రత్యేకంగా ఒక కేంద్ర స్కాలర్‌షిప్ ఉంది. శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ ఉన్నత విద్య స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 విద్యార్థి ఖర్చులకు, మిగిలిన 20,000 వేసవిలో ఒక పరిశోధకుడి వద్ద చేసే ప్రాజెక్టుకు. ఇంటర్ బోర్డు పరీక్షల్లో మొదటి ఒక శాతంలో నిలిచి, ప్రాథమిక శాస్త్రాల్లో బీఎస్సీ గానీ ఇంటిగ్రేటెడ్ ఎంఎస్సీ గానీ చేరిన వారు దీనికి అర్హులు. బీటెక్‌లో చేరిన వారికి ఇది రాదు. మంచి మార్కులు వచ్చిన పిల్లల్లో ఎక్కువ మంది ఇంజనీరింగ్‌కు వెళ్లిపోతారు కాబట్టి, అర్హత ఉండి కూడా ఈ స్కాలర్‌షిప్ పేరే వినని బీఎస్సీ విద్యార్థులు డిగ్రీ కళాశాలల్లో తప్పక ఉంటారు. బోర్డు ఆ ఏడాదికి ప్రకటించే కటాఫ్ మార్కును చూసుకుని, దానికి దగ్గరగా ఉన్నా దరఖాస్తు చేయడమే మేలు.

ఒక శాతంలోకి రాని వారికి జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్ర రంగ స్కాలర్‌షిప్ ఉంది. ఇంటర్‌లో 80వ పర్సెంటైల్ దాటి, కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షలకు మించకుంటే డిగ్రీ మూడేళ్లు ఏడాదికి 12,000 రూపాయలు, పీజీలో 20,000 రూపాయలు వస్తాయి. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరిన అమ్మాయిలకు ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ప్రగతి పథకం కింద ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఒక కుటుంబంలో ఇద్దరు అమ్మాయిల వరకు అర్హులు. డిప్లొమా తర్వాత లేటరల్ ఎంట్రీలో రెండో సంవత్సరంలో చేరిన అమ్మాయిలు కూడా దరఖాస్తు చేయవచ్చు.

ఇక్కడ ఒక లెక్క వేసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండున్నర లక్షల ఆదాయం లోపు ఉన్న కుటుంబాలకు, 75 శాతం హాజరు షరతుతో వర్తిస్తుంది. కేంద్ర రంగ స్కాలర్‌షిప్ తీసుకునే వారు ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందరాదన్న నిబంధన ఉంది. ఇలాంటి షరతు ఇంకా చాలా పథకాల్లో కనిపిస్తుంది. ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో చేరిన వారికి రీయింబర్స్‌మెంట్ విలువే ఎక్కువ కాబట్టి దాన్ని వదులుకోకూడదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఫీజు తక్కువ గనుక, అక్కడ చదివేవారికి నేరుగా చేతికి వచ్చే 12,000 రూపాయలే లాభం కావచ్చు. రెండింటికీ దరఖాస్తు పెట్టి, ఏది ముందు వస్తే అది తీసుకుందామని ఊరుకుంటే ధ్రువీకరణ దశలో రెండూ ఆగిపోయే ప్రమాదం ఉంది.

కాగితాల పని

దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యేది మార్కుల వల్ల కంటే కాగితాల వల్లనే ఎక్కువ. ఇది ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు ముగిసిన వేసవిలోనే పూర్తి చేసుకోవలసిన పని.

మొదటిది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటుంది. లేదా వెంకట, రమణ అన్న రెండు మాటలు ఒకచోట కలిపి, మరోచోట విడగొట్టి ఉంటాయి. మనిషికి ఇది తేడాగా తోచదు, పోర్టల్‌కు మాత్రం ఇద్దరు వేర్వేరు వ్యక్తులు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఒకసారి నమోదు చేసుకుని తీసుకునే 14 అంకెల సంఖ్య ఆధార్ ఆధారంగానే వస్తుంది గనుక, పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని ఆధార్‌నే దానికి సరిపడేలా సవరించుకోవాలి. మెమోను మార్చడం కంటే ఆధార్‌ను మార్చడం చాలా తేలిక.

రెండోది బ్యాంకు ఖాతా. నేరుగా ఖాతాలో జమయ్యే పథకాల్లో డబ్బు, మీరు ఫారంలో రాసిన ఖాతాకే వెళ్తుందనుకోకూడదు. ఆధార్ ఆధారిత చెల్లింపుల్లో, మీ ఆధార్ చివరిసారిగా ఏ బ్యాంకుకు అనుసంధానమైందో ఆ ఖాతాకు వెళ్తుంది. హైస్కూల్లో ఉండగా తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతా, ఇంటర్‌లో మరో బ్యాంకులో తెరిచిన ఖాతా, ఇలా రెండు మూడు ఉన్నవారికి స్కాలర్‌షిప్ 'మంజూరైంది' అని చూపిస్తున్నా చేతికి రాకపోవడానికి కారణం తరచుగా ఇదే: సొమ్ము వాడుకలో లేని పాత ఖాతాలో పడి ఉంటుంది, లేదా ఆ ఖాతా స్తంభించిపోవడం వల్ల తిరిగి వెళ్లిపోయి ఉంటుంది. ఆధార్ వెబ్‌సైటులో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకు పేరు ఉందో నిమిషంలో తెలుస్తుంది. కావలసిన బ్యాంకు కాకుంటే, ఆ బ్యాంకు శాఖకు వెళ్లి సీడింగ్ ఫారం ఇవ్వాలి.

మూడోది కులం, ఆదాయం. గ్రామ, వార్డు సచివాలయంలోనో మీసేవలోనో తీసుకునే మామూలు బీసీ ధ్రువపత్రం రాష్ట్ర పథకాలకు సరిపోతుంది గానీ, ఐఐటీలు, ఐఐఎస్సీ వంటి కేంద్ర సంస్థల ప్రవేశాలకు సరిపోదు. వాటికి కేంద్ర నమూనాలో తహసీల్దారు ఇచ్చే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి; అది సాధారణంగా ఆ ప్రవేశ సంవత్సరపు ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదన్న సంగతి చాలామందికి సీటు వచ్చాకే తెలుస్తుంది, అప్పుడు చేసేదేమీ ఉండదు. ఈడబ్ల్యూఎస్ పత్రానికి కూడా చెల్లుబాటు ఆ ఆర్థిక సంవత్సరానికే పరిమితం.

బీటెక్ వారికి మైనర్, అందరికీ పాఠాలు

ఏఐసీటీఈ, శాస్త్ర సాంకేతిక శాఖ కలిసి 2024 డిసెంబరులో క్వాంటం టెక్నాలజీలో బీటెక్ మైనర్ కోర్సుకు (ప్రధాన బ్రాంచితో పాటు అదనంగా చదివేది) నమూనా పాఠ్యప్రణాళికను విడుదల చేశాయి. కనీసం 18 క్రెడిట్ల ఈ మైనర్‌ను ఏ బ్రాంచి వారైనా మూడో సెమిస్టర్ నుంచి మొదలుపెట్టవచ్చు. కంప్యూటింగ్, కమ్యూనికేషన్, సెన్సింగ్, పదార్థాలు అన్న నాలుగు పాయలూ అందులో ఉన్నాయి. అయితే ఏ కోర్సు తెరవాలన్నది మీ విశ్వవిద్యాలయం, కళాశాల తీసుకునే నిర్ణయం. అందువల్ల రెండో సెమిస్టర్ ముగియకముందే విభాగాధిపతిని లిఖితపూర్వకంగా అడగాలి. అడిగిన వారి సంఖ్యను బట్టే కళాశాలలు కదులుతాయి.

కళాశాలలో మైనర్ లేకపోతే కేంద్రం నడిపే ఆన్‌లైన్ వేదికలైన స్వయం, ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉన్నాయి. క్వాంటం అల్గారిథంలు, క్విస్కిట్ (క్వాంటం ప్రోగ్రాములు రాసే ఐబీఎం ఉచిత సాఫ్ట్‌వేర్) మీద ఐఐటీ మద్రాసు, ఐబీఎం కలిసి రూపొందించిన కోర్సు అందులో ఒకటి. చేరడానికి, వినడానికి రుసుము లేదు. సర్టిఫికెట్ కావలసిన వారు మాత్రం 1,000 రూపాయలు కట్టి పరీక్ష కేంద్రంలో రాయాలి. 12 వారాల కోర్సులో ఉత్తమమైన ఎనిమిది అసైన్‌మెంట్ల సగటుకు 25 మార్కులు, పరీక్షకు 75 మార్కులు ఉంటాయి. అసైన్‌మెంట్లలో 25కు 10, పరీక్షలో 75కు 30 రెండూ వస్తేనే సర్టిఫికెట్ చేతికి వస్తుంది. యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివి క్రెడిట్లుగా బదిలీ చేసుకోవచ్చు. ఇందుకు కళాశాల అనుమతిని కోర్సు మొదలయ్యే ముందే తీసుకోవాలి, ముగిశాక కాదు.

డబ్బు తీసుకుని "క్వాంటంలో సర్టిఫికెట్, ఉద్యోగం గ్యారంటీ" అని కళాశాలలకు వచ్చి ప్రచారం చేసుకునే వారి జోలికి పోనవసరం లేదు. వారు చెప్పే పాఠం పైన చెప్పిన చోట ఉచితంగా దొరుకుతుంది.

వేసవి ఇంటర్న్‌షిప్: అసలైన తలుపు

పరిశోధన సొమ్ము సీమ విద్యార్థికి మొదటిసారి అందగలిగే చోటు ఇదే గనుక కొంచెం వివరంగా చెబుతాను. మూడు జాతీయ శాస్త్ర అకాడమీలు కలిసి నిర్వహించే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తులు దాదాపు అక్టోబరు, నవంబరు నెలల్లో తీసుకుంటారు. ఎంపికైన వారు రెండు నెలల పాటు దేశంలోని ఒక శాస్త్రవేత్త వద్ద పనిచేస్తారు. నెలవారీ భృతి, రైలు ఖర్చు ఇస్తారు. పుణె ఐసర్‌లోని ఐ-హబ్ క్వాంటం టెక్నాలజీ ఫౌండేషన్ చాణక్య పేరుతో డిగ్రీ నుంచి పీహెచ్‌డీ వరకు ఫెలోషిప్పులు ఇస్తోంది. రామన్ పరిశోధన సంస్థలోనూ సందర్శక విద్యార్థుల పథకం ఉంది.

దరఖాస్తులో అందరికీ తేడా వచ్చేది 'ఎందుకు చేరాలనుకుంటున్నారు' అన్న పేరా దగ్గర. "చిన్నప్పటి నుంచి నాకు సైన్సంటే ఇష్టం" అన్న వాక్యాన్ని చదివే శాస్త్రవేత్త ఆ సాయంత్రం అప్పటికే పదుల సార్లు చదివి ఉంటారు. దానికి బదులు మీరు చేతులారా చేసిన పని ఒకటి రాయాలి. ఉదాహరణకు, క్విస్కిట్‌లో రెండు క్యూబిట్లు తీసుకుని, మొదటిదానిపై హాడమార్డ్ గేటు (క్యూబిట్‌ను 0, 1 రెండింటి మిశ్రమ స్థితిలో పెట్టేది), తర్వాత రెండింటి మధ్య సీనాట్ గేటు (మొదటిది 1 అయితే రెండోదాన్ని తిప్పేది) పెట్టి కొలిస్తే, కంప్యూటర్‌లోని సిమ్యులేటర్ 00, 11 అన్న ఫలితాలను సుమారు సగం సగంగా చూపిస్తుంది. 01, 10 అసలు రావు. అదే ప్రోగ్రామును ఐబీఎం ఉచిత ఖాతా ద్వారా నిజమైన క్వాంటం యంత్రంపై నడిపితే 01, 10 కూడా కొన్ని తలెత్తుతాయి. అవి యంత్రంలోని దోషాలవల్ల వచ్చినవి. ఉచిత ఖాతాలో 28 రోజులకు 10 నిమిషాల యంత్ర సమయం దొరుకుతుంది, ఈ ప్రయోగానికి అందులో కొన్ని సెకన్లే చాలు. ఆ రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి, తప్పు ఫలితాలు ఎంత శాతం వచ్చాయి, వేర్వేరు క్యూబిట్లను ఎంచుకుంటే ఆ శాతం ఎలా మారింది అని ఒక పేజీలో రాసిన విద్యార్థి దరఖాస్తు పక్కకు పోదు. దీనికి కావలసింది ఒక మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, మాత్రికల గుణకారం తెలిసి ఉండటం, అంతే.

సిఫారసు లేఖ రాసే అధ్యాపకుణ్ణి సెప్టెంబరులోనే అడగాలి. చాలా పోర్టల్‌లు లేఖను నేరుగా అధ్యాపకుడి ఈమెయిల్ నుంచే కోరతాయి. సెలవుల్లో ఊరెళ్లిన మాస్టారికి గడువు రోజు రాత్రి ఫోన్ చేస్తే ఆయన చేయగలిగింది తక్కువ. మీ మార్కుల జాబితా, పైన చెప్పిన ఒక పేజీ నివేదిక ఆయనకు ముందే ఇస్తే లేఖలో రాయడానికి ఆయనకూ విషయం ఉంటుంది.

పీజీ, పరిశోధన

భౌతికశాస్త్రం వారు ఐఐటీ జామ్ (ఎంఎస్సీ ప్రవేశ పరీక్ష) రాసి ఐఐటీల్లో ఎంఎస్సీలో చేరవచ్చు. బీటెక్ వారు గేట్ రాసి 2021లో ఐఐఎస్సీ మొదలుపెట్టిన క్వాంటం టెక్నాలజీ ఎంటెక్ వంటి కోర్సులకు ప్రయత్నించవచ్చు. రెండు పరీక్షలూ ఫిబ్రవరిలో ఉంటాయి, నోటిఫికేషన్లు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే వస్తాయి. గేట్ ద్వారా ఎంటెక్‌లో చేరిన వారికి నెలకు 12,400 రూపాయల భృతి వస్తుంది. ఎంఎస్సీకి అలాంటి భృతి అందరికీ ఉండదు కాబట్టి, పీఎం విద్యాలక్ష్మి రుణాన్ని చూడాలి. 2024 నవంబరులో ఆమోదించిన ఈ పథకంలో, గుర్తించిన ఉన్నత విద్యాసంస్థల్లో సీటు వచ్చిన వారికి ఆస్తి తనఖా, హామీదారు లేకుండానే బ్యాంకులు రుణమిస్తాయి. ఏడున్నర లక్షల వరకు రుణానికి కేంద్రం 75 శాతం పూచీ ఇస్తుంది. 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు, 10 లక్షల వరకు రుణంపై చదువు సాగే కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. పొలం పాసుపుస్తకం తాకట్టు పెట్టమని బ్యాంకు శాఖలో అడిగితే, దరఖాస్తు పీఎం విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా పెట్టారా లేదా అని ముందు సరిచూసుకోండి.

పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. ప్రధానమంత్రి పరిశోధన ఫెలోషిప్ 70,000తో మొదలవుతుంది. మిషన్ కేంద్రాల్లోని ప్రాజెక్టు ఉద్యోగాలు ఆయా సంస్థల వెబ్‌సైటుల్లో విడివిడిగా వస్తాయి, వాటికి ఒకే పోర్టల్ అంటూ లేదు.

పీహెచ్‌డీ చేయని వారికి ఈ రంగంలో పని లేదనుకోవద్దు. సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లు పనిచేయాలంటే వాటిని పరమశూన్యానికి డిగ్రీలో వందో వంతు దూరం దాకా చల్లబరచాలి. ఆ శీతల యంత్రాలు, వాక్యూమ్ పంపులు, మైక్రోవేవ్ సర్క్యూట్లు, లేజర్లు చూసుకునే చేతులు కావాలి. ఈసీఈ డిప్లొమా, ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివిన వారు ఎఫ్‌పీజీఏ (అవసరానికి తగ్గట్టు మార్చుకోగల చిప్) ప్రోగ్రామింగ్, ఆర్ఎఫ్ (రేడియో తరంగాల) కొలతలు నేర్చుకుంటే ఆ పనికి తగినవారవుతారు. సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గే వారికి, అమెరికా ప్రమాణాల సంస్థ క్వాంటం కంప్యూటర్ల దాడిని తట్టుకునేలా 2024 ఆగస్టులో ఖరారు చేసిన కొత్త గూఢలిపి ప్రమాణాలు ఉన్నాయి. బ్యాంకులు, టెలికం సంస్థలు పాత పద్ధతుల నుంచి వాటికి మారడం ఏళ్ల తరబడి సాగే పని.

కళాశాల తరఫున అడిగేవారికి

క్వాంటం బోధన ప్రయోగశాలల కోసం మిషన్ కింద కళాశాలల నుంచి ప్రతిపాదనలు కోరారు. విభాగాల ప్రయోగశాలలకు తోడ్పడే శాస్త్ర సాంకేతిక శాఖ ఫిస్ట్ పథకం, 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ పథకాలు కూడా పరిశీలించదగినవి. ఫిజిక్స్, ఈసీఈ, సీఎస్ఈ విభాగాల నుంచి ఒక్కొక్కరు కలిసి రాసిన ప్రతిపాదనకు, ఒకే విభాగం రాసినదానికంటే బలం ఎక్కువ. అధ్యాపకులు ఏఐసీటీఈ వారి అటల్ అధ్యాపక శిక్షణలో ముందుగా పాల్గొని ఉంటే ఆ ధ్రువపత్రాలు జతచేయాలి. నేరుగా ఖరీదైన ఏకఫోటాన్ పరికరాలు అడగడం కంటే, లేజర్, పోలరాయిడ్లతో బీబీ84 గూఢలిపి పద్ధతిని (కాంతి ధ్రువణంతో రహస్య సంకేతాన్ని పంచుకునేది) చూపించే బల్ల, మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్ వంటివి ఇప్పటికే నడుపుతున్నామని ఫొటోలతో చూపి, తర్వాతి మెట్టుగా పెద్ద పరికరం అడిగితే పరిశీలకులకు నమ్మకం కలుగుతుంది. అనంతపురం ఎండలకు, దుమ్ముకు ఆప్టికల్ బల్ల నిలవాలంటే ఏసీ, రెండు తలుపుల గది, యూపీఎస్ కావాలి. వాటి ఖర్చు కళాశాల భరిస్తుందన్న హామీ లేఖ జతచేయడం మరిచిపోకూడదు. చాలా పథకాలు పరికరాలకు ఇస్తాయి గానీ గది మరమ్మతులకు ఇవ్వవు.

సొమ్ము వచ్చాక కొనుగోళ్లు ప్రభుత్వ ఈ-మార్కెట్‌లో దొరికే వస్తువులకు అక్కడే జరపాలి. ఏడాది చివర 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం, లెక్కల పత్రం పంపితే గానీ తర్వాతి విడత రాదు. ఖర్చు కాని మొత్తంపై బ్యాంకులో వచ్చిన వడ్డీ కూడా కళాశాలది కాదు; దాన్ని భారత్‌కోష్ (ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల పోర్టల్) ద్వారా ప్రభుత్వానికి తిరిగి జమచేసి, ఆ చలానా నకలును వినియోగ పత్రంతో పాటు జతపరచాలి.